నలుగురు కూర్చునే చోటు



మా హాస్టళ్లలో చదివి వెళ్లిన పిల్లలు కొందరు ఇప్పుడు హైదరాబాద్‌లో వీడియో ఎడిటింగ్ చేస్తున్నారు, పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నారు, బొమ్మలు గీస్తున్నారు. ఎవరి అద్దె గది వారిదే, మంచం మీదే ల్యాప్‌టాప్. కొన్నాళ్లు చూసి, వదిలేసి ఊరికొస్తారు. వాళ్లకు పని రాక కాదు, పక్కన తోడు లేక అని వార్డెన్లం మాకు అనిపిస్తుంది. అందుకే ఈరోజు కోవర్కింగ్ గురించి, కలిసి వాడుకునే స్టూడియోల గురించి మాట్లాడదామనుకున్నాం.

పేరు కొత్తదే గానీ పద్ధతి మనవాళ్లకు కొత్త కాదు. భోపాల్‌లో 1982లో భారత్ భవన్ తెరిచారు. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ నుంచి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే ప్రధాన్ గోండు యువకుణ్ణి చిత్రకారుడు జె. స్వామినాథన్ అక్కడికి రప్పించారు. ఊళ్లో గోడల మీద గీసిన చేతికి అక్కడ కాగితం, రంగులు, అచ్చు వేసే ప్రెస్ దొరికాయి. అలాంటి ప్రెస్ ఒక్కడు కొనుక్కోగలడా?

తర్వాత ఆయన ఇల్లే స్టూడియో అయింది. ఊరి నుంచి బంధువుల పిల్లలను తెచ్చుకుని పని నేర్పారు. భజ్జు శ్యామ్ అలా చేరినవారే. అంతకుముందు భోపాల్‌లోనే రాత్రి కాపలా కాశారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. జన్‌గఢ్ 2001లో జపాన్‌లో చనిపోయారు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు గీస్తూనే ఉన్నారు. పని నేర్చింది ఒకే ఇంట్లోనైనా, చుక్కలూ గీతలూ నింపే తీరు మాత్రం ఎవరిది వారిదే. బొమ్మ చూడగానే ఎవరు గీశారో చెప్పేయొచ్చు. మాకు బాగా నచ్చేది ఇదే.

నగరంలో కోవర్కింగ్ సీటుకు డబ్బు కట్టే ముందు కాఫీ మెషీన్ చూసి పడిపోకండి! రాత్రి పదింటి తర్వాత తెరిచి ఉంటుందా, ఆడపిల్లలకు వేరే బాత్రూం ఉందా, కెమెరాకు తాళం బీరువా ఇస్తారా, గొంతు రికార్డు చేయడానికి బయటి చప్పుడు రాని గది ఉందా, ఇవి అడగండి. అంత ఖర్చు వద్దనుకుంటే నలుగురు కలిసి ఒక పోర్షన్ తీసుకోండి. ఏ వస్తువు ఎవరి డబ్బుతో కొన్నారో, విడిపోతే ఎవరికి వెళ్తుందో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. స్నేహితులం కదా, రాతలెందుకు అనుకోవద్దు.

ఇక్కడ మన సంఘం హాలు వారంలో చాలా రోజులు తాళం వేసే ఉంటోంది. రెండు బల్లలు, ఇన్వర్టర్, నెట్ కనెక్షన్ పెట్టించమని పెద్దలను మేము అడుగుతున్నాం. తాళంచెవి మీలో ఎవరు తీసుకుంటారో చెప్పండి.