జున్నుపాలును దూడ ప్రేవులును

(వార్షిక మహాసభయందు చదివిన ఉపన్యాసము)



ముప్పదియైదేండ్లు బడిపిల్లలచే శబ్దరూపములు వల్లె వేయించిన మేము నేడు పశువుల ప్రేవులను గూర్చి మాటలాడనేల యని కొందరు నవ్వుకొనవచ్చును. అమరకోశమే మమ్మీ త్రోవ పట్టించినది. అందు పీయూష శబ్దము దేవతల యమృతమునకు గలదు. అప్పుడే యీనిన పశువు పాలకును గలదు. ఈ రెండవ యర్థమును ఏటేట పిల్లలకు చెప్పితిమే గాని మేము మనసున బెట్టుకొనమైతిమి. తత్ఫలితముగా మా యింట నొక దూడ చచ్చినది.

కొల్లేటి యొడ్డున మాకొక గేదె యుండెడిది. శ్రావణమాసమున తమ్మిలేరు పొంగి లంకలన్నియు బురదయైయున్న తరుణమున రాత్రివేళ నది యీనినది. మాయ పడువరకు దూడను పొదుగుదరికి చేర్పరాదని మా పెద్దల మాట. ప్రొద్దెక్కువరకు మాయ పడలేదు. పిమ్మట పిదికిన పాలను జున్నుకై ఏలూరి బంధువులకును, తాడేపల్లిగూడెములోని వియ్యాలవారికిని పంపితిమి. దూడకు దక్కినవి మరునాటి పాలు. (దున్నదూడ యగుటచే మా యుపేక్ష మరింత హెచ్చినదని యొప్పుకొనవలెను.) ఐదవనాడు తెల్లపారుడు పట్టుకొని, ఏడవనాటికి పోయినది. మేము తడినేలను నిందించి యూరకుంటిమి.

గన్నవరమున పశువైద్యము చదివిన మా పూర్వశిష్యు డొకడు తరువాత మాకు సంగతి విప్పి చెప్పెను. మనుష్యశిశువునకు తల్లి రక్తములోని రక్షకపదార్థములు చాలవరకు పుట్టకమునుపే మాయ ద్వారా చేరును. ఆవు గేదెల మాయ వానిని దాటనీయదు. కనుక దూడ వట్టి చేతులతో పుట్టి, ఆ ధనమును జున్నుపాలనుండియే గడించుకొనవలెను. సాధారణముగా మాంసకృత్తులు కడుపులో ముక్కలైన పిదపనే రక్తమున జేరును. అప్పుడే పుట్టిన దూడయందు మాత్రము చిన్నప్రేవుల గోడకణములు ఆ పెద్ద యణువులను విడగొట్టకయే మ్రింగి ఆవలికి పంపును. జీర్ణరసము నడ్డగించు పదార్థ మొకటి జున్నుపాలలోనే యుండుటయు నిందుకు తోడ్పడును. ఈ వాకిలి తొలి 6 గంటలలో బాగుగ తెరచియుండి, 12 గంటలకు చాల సన్నగిలి, 24 గంటలకు దాదాపు మూసికొనును. జున్నుపాలు దొరకని దూడలు మిక్కిలిగా చచ్చుటను థియొబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1922లోనే ప్రకటించిరి. మా పెద్దల మాట విని మేము పోగొట్టుకొన్నవి సరిగా నా గంటలే.

జున్నుపాలలో రక్షకములే గాక, కణములను పెంచు వృద్ధికారకములును గలవు. స్టాన్లీ కోహెన్ పండితుడు 1962లో చుంచుపిల్లలకు ఎక్కింపగా కన్నులు ముందుగా తెరచుకొని, పండ్లు ముందుగా మొలచినది అట్టి కారక మొకదానిచేతనే. ఆయనకు 1986లో నోబెల్ బహుమానము వచ్చినది. ఎలుకపిల్లల ప్రేవులు ఇట్టివానిని కొంతవరకు చెడకుండ మ్రింగుచుండి, సుమారు మూడు వారములకు, పాలు మానువేళకు, ఆ శక్తిని గోల్పోవును. దూడ సంగతి వేరు. జున్నుపాలలో మెండుగా నుండు ఇన్సులిన్‌వంటి వృద్ధికారకము దాని రక్తమున జేరునది బహుస్వల్పము. అది ప్రేవుగోడమీదనే పనిచేయునని తలంచుచున్నారు. జున్నుపాలు పుష్కలముగా త్రాగిన దూడల ప్రేవులలో ఆహారసారమును పీల్చు వ్రేళ్ళవంటి సన్నని మొలకలు చక్కగా నెదుగును. కావున వాకిలి మూసికొన్న పిదపను రెండు మూడు దినములు ఆ పాలు త్రాగించుట వ్యర్థము గాదు.

30 కిలోల దూడకు దాని బరువులో పదియవ వంతు, అనగా 3 లీటర్లు, తొలి గంటలలో విడతలుగా పట్టవలెను. మాయకై వేచియుండ బనిలేదు. దూడ కుడుచుటచేతనే గర్భాశయము ముడుచుకొని మాయ పడుటకు సాయమగును. మా పెద్దలు కార్యకారణములను తారుమారు చేసిరి.

మా యింట నిప్పటికిని బెల్లము, మిరియములు, యాలకులు వేసి జున్ను వండుదురు. తొలి పూటల పాలు దూడవి. మరునాడు మిగిలినవి బంధువులవి. మొన్నటి జున్ను పలుచగా గట్టినదని వియ్యపురాలుగారు తాడేపల్లిగూడెమునుండి కబురంపిరి.