లోయను వెదకుట, అడుగు చేరుట



ఉగాది సభలో గణితమేమిటని కొందరు నవ్వుకొనవచ్చును. మన పిల్లలలో అనేకులు నేడు కంప్యూటరు పనులలో ఉన్నారు. వారి విద్యలోని చిక్కు ఒకటి పెద్దలకును తెలియవలెనని మేము తలచినాము.

కొన్ని సంఖ్యలను మార్చుచు ఖర్చును మిక్కిలి తగ్గించవలెను. దీనిని చీకటిలో లోతైన లోయను వెదకుటగా భావించండి. కాలితో తడిమి వాలు వెంట దిగుట ఒక మార్గము. ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ 1847లోనే చెప్పినాడు. త్వరగా అడుగు చేరుదుము, కాని అది మనము నిలిచిన లోయ అడుగే.

రెండవది, వందమందిని నలుదిక్కుల నిలిపి, లోతుననున్న వారి లక్షణములను కలిపి, కొంత మార్చి, కొత్త తరమును పుట్టించుట. 1960లలో బెర్లినులో రెషెన్‌బర్గ్, ష్వెఫెల్, తరువాత అమెరికాలో హాలండ్ ఈ త్రోవ తీసిరి. మంచి లోయ దొరకును. అడుగు చేరుటకే ఆలస్యము.

రస్త్రిగిన్ ప్రమేయమని ఒక పరీక్ష కలదు. ఒక్క చలరాశికి, −5.12 నుండి 5.12 లోపల, 11 గుంటలు. రెంటికి 121. పదింటికి 2,593 కోట్లకు పైగా! వాటిలో నిజమైన అడుగు ఒక్కటే. ఒంటరి బాటసారి ఏమి చేయగలడు?

రెంటిని కలుపుద మనుట సులభమే. 1989లో మొస్కాటో ఈ కలయికకు మీమెటిక్ పద్ధతి అని పేరుపెట్టినాడు. చిక్కంతయు ఇచ్చట నున్నది: బిడ్డ వాలు వెంట దిగి సంపాదించిన చోటును వాని సంతతికి ఇయ్యవలెనా? ఇచ్చినచో అది లామార్కు మార్గము. ఎంత దిగగలడో దానికి మార్కులు మాత్రమిచ్చి, పుట్టిన చోటునే సంతతికిచ్చిన బాల్డ్విన్ మార్గము. జీవశాస్త్రము లామార్కును త్రోసివేసినది. కంప్యూటరుకు ఆ నిషేధము లేదు. (పొరుగు రాష్ట్రమున పుట్టిన మన పిల్లలకు తెలుగు రక్తములో రాలేదు, ఇంట నేర్పగా వచ్చినది. భాష విషయమున మనమందరము లామార్కు శిష్యులమే!)

లామార్కు మార్గము వేగమైనదే. కాని ప్రతి తరమున అందరిని అడుగుదాక దింపినచో, కొద్ది తరములలో అందరును ఒకటి రెండు గుంటలలో చేరి ఒకరికొకరు నకళ్ళగుదురు. ఇక కలుపుటకు వేరు లక్షణమేదియు మిగులదు. లెక్క కట్టు కాలమును వ్యర్థము. కనుక తొలి తరములలో తొందర వలదని మా అభిప్రాయము. నూటికి ఐదారుగురిని, అదియు నాలుగైదు అడుగులు దింపిన చాలును. కడపట మిగిలిన ఉత్తముని మాత్రము పూర్తిగా దింపవలెను.

నేల మెట్లు మెట్లుగా నున్నచోట తడిమి తెలిసికొనుటకు వాలే ఉండదు. అట్టి పనికి ఈ కలయిక అక్కరలేదు, తరముల పద్ధతి ఒక్కటే శరణ్యము.