కరగిన రాయి చెంతకు ఒకనాటి నడక



నల్లరేగడిలో అడుగిడి పెరిగిన వానికి నేల యనిన చల్లని తల్లి. వేసవిలో నెఱ్ఱెలు విచ్చినను, తొలకరికి మెత్తబడి ప్రత్తికిని మిరపకును చోటిచ్చును. ఆ నలుపులో కొంత పాలు ఒకప్పుడు నిప్పై ప్రవహించిన రాతినుండి వచ్చినదనిన, విన్నవాడు వెంటనే నమ్మడు. రాయి నీరువలె పాఱుట కన్నులార చూచినవానికి మాత్రము ఆ సందేహము నిలువదు.

అట్టి దృశ్యము భారతదేశమున ఒక్కచోటనే కలదు. అండమాను సముద్రమున, పోర్టుబ్లెయిరునకు ఈశాన్యముగా సుమారు 140 కిలోమీటర్ల దూరమున బారెన్ ద్వీపమున్నది. 1787లో దాని మంటలను నావికులు చూచి వ్రాసియుంచిరి. పందొమ్మిదవ శతాబ్దమున చల్లారిన ఆ కొండ 1991లో మరల రగిలినది. అటుపిమ్మట పలుమారులు లావాను క్రక్కినది. అయితే అది జనావాసము లేని దీవి. యాత్రికులు దానిని ఓడపైనుండి చూచి మరలవలసినదే.

కాలినడకన పోయి కరగిన రాతి చెంత నిలువగల అవకాశము పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవిలో చిరకాలముండెను. అచ్చట కిలౌయియా అను అగ్నిపర్వతము తూర్పు పార్శ్వమున 1983 జనవరిలో పగిలి, 2018 వరకు ముప్పదియైదేండ్లపాటు లావాను విడిచినది. 1990లో కలపానా అను పల్లె దానిక్రింద పూడిపోయినది. నూఱు ఇండ్లకు పైగా కాలిపోగా, బ్రతికి బయటపడిన వారిలో కొందఱు పిమ్మట ఆ నల్లరాతిపైననే మరల ఇండ్లు కట్టుకొనిరి. 2016 మే నెలలో వెడలిన క్రొత్త ప్రవాహము జూలై 26న సముద్రమును చేరినది. దానిని చూచుటకు కలపానానుండి జనులు నడచిపోయిరి.

ఆ నడక పోనురాను ఒక పగటి పని. గడ్డకట్టిన పాత లావామీద వేసిన కంకర బాట వెంట సుమారు ఆరేడు కిలోమీటర్లు పోవలెను. త్రోవలో చెట్టు నీడ లేదు, త్రాగునీరు లేదు. క్రింద నల్లరాయి సెగ, పైన ఎండ. బాట విడిచిన పిమ్మట నేల మడతలు మడతలుగా, త్రాళ్లు పేనినట్లుండును. దానిపై పొర గాజువంటిది, కాలిడినంతనే పెళపెళలాడును. జాఱిపడి చేయి ఆనించినచో చర్మము కోసికొనిపోవును.

లావా దగ్గఱకు వచ్చినదని కంటికన్న ముందు ముఖమునకు తెలియును. గాలి మిరపకల్లమునందలి నడివేసవి గాలికన్న ఎన్నియో రెట్లు వేడెక్కును. చూపునకు మొదట నల్లని రాయి తప్ప ఏమియు కానరాదు. అంతలో ఆ రాతి అంచు మెల్లగా ఉబ్బును, చిట్లును. చిట్లిన చోట ఎఱ్ఱని నాలుకవలె రాయి వెలికి జాఱును. కాగిన బెల్లపుపాకమువలె అది చిక్కగా సాగి, మడతపడి, చూచుచుండగనే వెండిపూత పట్టి, పిమ్మట నల్లబడును. పైపొర నల్లబడినను లోపలి వేడి సుమారు 1,150 డిగ్రీలు. నివురుగప్పిన నిప్పు అను మాటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

అందుచేతనే అచ్చట సాహసముకన్న వివేకము ముఖ్యము. సముద్రములో పడు లావానుండి లేచు తెల్లని ఆవిరి వట్టి ఆవిరి కాదు; అందు హైడ్రోక్లోరిక్ ఆమ్లమును, సన్నని గాజుపొడియు కలిసియుండును. గాలివాటము మాఱినచో తప్పుకొనవలెను. తీరమున క్రొత్తగా ఏర్పడిన నేల గట్టిగా కానవచ్చును గాని, దాని అడుగున నిలకడ లేదు. 2016 డిసెంబరు 31న అట్టి నేల ఇరువది ఎకరములకు పైగా విఱిగి కడలిలో కలిసినది. 2018లో ఆ ప్రవాహమే నిలిచిపోయినది. ఆ నడకయు దానితోనే ముగిసినది.

లావాపై గట్టిపడిన పొర దుప్పటివలె పనిచేయును. దాని క్రింద సొరంగములలో సాగు ద్రవము కిలోమీటరు దూరమునకు ఒక డిగ్రీ వేడిని కూడ కోల్పోకపోవచ్చును. ఈ సంగతి తెలిసిన పిమ్మట గోదావరి గట్టున ఉన్న ఒక వింత బోధపడును. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట పశ్చిమ భారతమున భూమి బ్రద్దలై దక్కను పీఠభూమి లావాతో నిండినది. ఆ ప్రవాహములలో కొన్ని వేయి కిలోమీటర్లకు పైగా సాగి, నేటి రాజమహేంద్రవరము వఱకు వచ్చినవని శాస్త్రజ్ఞులు రాతి రసాయన లక్షణములను పోల్చి నిర్ణయించిరి. కాతేరు వద్దను, అవతలి గట్టున పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నముల వద్దను ఆ నల్లరాయి నేటికిని కలదు. రెండు లావా పొరల నడుమ సున్నపురాతిలో నత్తగుల్లలు, ఆల్చిప్పలు చిక్కియున్నవి. అనగా ఒక ప్రవాహమునకును మఱియొక దానికిని నడుమ సముద్రము అచ్చటికి వచ్చి నిలిచినదన్నమాట.

గుంటూరు సీమ రేగడి అంతయు లావానుండియే పుట్టినదనుట సరికాదు. స్థానికముగానున్న ఇతర శిలలు చివికియు నల్లనేల యేర్పడును. కాని కృష్ణానది పుట్టినది మహాబలేశ్వరమున, ఆ లావా కొండలలోనే. యుగయుగములుగా ఆ కొండలను అరగదీసి, ఆ మన్ను మోసికొనివచ్చి ఈ దిగువ సీమకు పంచిపెట్టినది ఆ నదియే. హవాయిలో చల్లారిన రాతిపగుళ్లలో మొదట ఫెర్ను మొక్క తలయెత్తును. రాయి లోతైన సేద్యపు మన్ను కావలెనన్న వేలయేండ్లు కావలెను. రైతు ఒక్క వర్షమునకు గట్టు తెగనిచ్చినచో కొట్టుకొనిపోవునది అంతకాలపు సొత్తు.

హవాయికి పోవుట అందఱికిని సాధ్యము కాదు. నల్లపాడులో రైలెక్కి కొవ్వూరు వైపు పోయి, పంగిడి రాతిని చేతితో తాకుట మాత్రము సాధ్యమే. అయితే ఆ క్వారీలలో రాయి కంకరగా మాఱి రోడ్లకు పోవుచున్నది. క్వారీ త్రవ్వుటచేతనే ఆ పొరలు బయటపడినవి. క్వారీ త్రవ్వుటచేతనే అవి మాయమగుచున్నవి. రోడ్లు కావలసినవే. కాని గుల్లలు పొదిగిన ఒక్క గోడయైన బడిపిల్లలు చూచుటకై విడిచిపెట్టుట పెద్ద కోరిక కాదు. గ్రంథాలయమున ఒక పుస్తకము చినిగినచో మఱియొక ప్రతి తెప్పింపవచ్చును. ఆ రాతిపుస్తకమునకు రెండవ ప్రతి లేదు.