బొబ్బిలి దగ్గర ఆగిపోయిన కలాలు



యుద్ధ చరిత్రలు రాసేవాళ్ల మీద రెండు నిందలున్నాయి. జనం కోసం రాసేవాడు కల్పిస్తాడని ఆచార్యులు అంటారు. ఆచార్యుడు రాస్తే చదివే దిక్కుండదని ప్రచురణకర్తలు అంటారు. రెండూ కొంత నిజమే గానీ, అసలు తేడా అక్కడ లేదని నేననుకుంటాను. మన బొబ్బిలినే చూడండి.

1757 జనవరి 24న విజయనగరం, ఫ్రెంచి సేనలు కలిసి బొబ్బిలి కోట మీద పడిన ఆ యుద్ధం మనకు బుర్రకథగా తెలుసు, నాటకంగా తెలుసు, 1964 నాటి సినిమాగా మరీ బాగా తెలుసు. ఎస్వీ రంగారావు ముఖం లేకుండా బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుణ్ణి ఊహించుకోగలవాళ్లు ఈ హాల్లో ఎందరున్నారో! పండితులు మాత్రం రాబర్ట్ ఓర్మ్ పుస్తకం తెరుస్తారు. అందులో వైరానికి ఒక కారణం నీళ్లు. విజయనగరం వైపు పారే వాగుల్ని బొబ్బిలివాళ్లు తమ వరిమళ్లకు మళ్లించుకున్నారట. పాటలో ఉన్నదంతా పౌరుషం. కాలువ గట్టు మీద పారలు లేవడం చూసిన రైతుకు మాత్రం ఈ రెండూ వేరని అనిపించదు. విజయనగరం రాజు విజయరామరాజును డేరాలో చంపింది పాటలో ఒక్క పాపారాయుడు. ఓర్మ్ కథనంలో శపథం పట్టినవాళ్లు నలుగురు, రాత్రివేళ డేరాలో దూరినవాళ్లు ఇద్దరు.

అయితే ఓర్మ్‌ను కళ్లకద్దుకోవాలా? ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, మద్రాసు కౌన్సిల్ సభ్యుడు. బొబ్బిలి కోట ముందు లేడు. బొబ్బిలి కథ ఉన్న సంపుటం 1778లో గానీ అచ్చు కాలేదు. కోట కూలాక ఒక ముసలివాడు బొబ్బిలి రాజు రంగారావు కొడుకును ఫ్రెంచి అధికారి చేతిలో పెట్టే ఘట్టం ఆయన రాశాడు. ఏ బుర్రకథకుడూ దాన్ని వదులుకోడు. అది ఆయనకు ఎవరు చెప్పారు? ఇంగ్లీషులో అచ్చయింది కాబట్టి మనం ఆ ప్రశ్న వేయడం మానేశాం. కథకుణ్ణి మాత్రం నిలదీస్తాం. ఎవరు చెప్పగా విన్నావని ఇద్దర్నీ ఒకేలా అడగడమే పాండిత్యం. ఆ జవాబును వాడుక తెలుగులో, అధోజ్ఞాపికలు లేకుండా కూడా చెప్పొచ్చు.

జనరంజక రచయితల మీద నా ఫిర్యాదు వేరే ఉంది. వాళ్లు పాపారాయుడి బాకు దగ్గరే కలం దించేస్తారు. విజయరామరాజు పోయాక గద్దెక్కిన ఆనందగజపతి ఫ్రెంచివాళ్లకు ఎదురు తిరిగి ఇంగ్లీషువాళ్లను పిలిచాడు. క్లైవ్ బెంగాల్ నుంచి కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచి సేన ఓడింది. మరుసటి ఏప్రిల్‌లో బందరు కోట పడింది. కోస్తాలో ఫ్రెంచి పెత్తనం ముగిసింది అక్కడ. బొబ్బిలికి దక్కిన పాట చందుర్తికి దక్కలేదు.

దక్కకపోవడానికి కారణం లేకపోలేదు. అక్కడ మీసం మెలేసే ఘట్టం తక్కువ, బేరసారాలు ఎక్కువ. గెలిచిన ఫోర్డ్ సైన్యం జీతాలకు డబ్బు లేక వారాల తరబడి కదల్లేదు. ఇస్తానన్న సొమ్ము రాజు ఇవ్వడు, డబ్బు లేనిదే సిపాయి నడవడు. ఆ జాగులో ఎడ్లకు మేత ఎవరు తెచ్చారు, దారిలో ఊళ్ల ధాన్యం ఏమైంది, రాజు ఖజానా ఎందుకు బిగించాడు? ఈ ప్రశ్నలతో మంచి నవల రాయొచ్చు, మంచి సిద్ధాంత గ్రంథమూ రాయొచ్చు. మధ్యాహ్నం పత్రాలు చదవబోయే యువ మిత్రుల్లో ఎవరైనా చందుర్తిని ముట్టుకుని ఉంటే, వారికి కేటాయించిన సమయం కంటే పది నిమిషాలు ఎక్కువ ఇమ్మని నిర్వాహకులను కోరుతున్నాను.