చెప్పినప్పుడే వింటే చట్టం దాకా పోదు



మనం సైట్ల మీద పనిచేసేవాళ్లం. మిషన్ ఎప్పుడు ఆన్ చేయాలి, ఎప్పుడు ఆపాలి అన్న లెక్క మనకు కొత్త కాదు. విక్టోరియాలో ఇళ్ల దగ్గర కూడా ఆ లెక్క ఉంది. పక్కింటి గదుల్లోకి వినపడేలా డ్రిల్లు, గ్రైండర్ వాడాలంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 7 నుంచి రాత్రి 8 వరకే. శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో 9 తర్వాతే. పాటల సౌండ్ శుక్ర, శనివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 11కి, మిగతా రోజుల్లో 10కి తగ్గాలి. కాకరపువ్వొత్తుల్లాంటి చిన్నవి తప్ప, లైసెన్సు లేకుండా టపాకాయలు కాల్చడం నేరం. దీపావళి అయినా అంతే.

పరాయి దేశం కాబట్టి మన పండగల మీద ఇవన్నీ పెట్టారని కొందరంటారు. మరి మన దేశంలో ఏం జరిగింది? 1998 జనవరిలో పేపర్లలో ఒక వార్త వచ్చింది. అత్యాచారానికి గురైన 13 ఏళ్ల పాప కేకలు పక్కనే మోగుతున్న లౌడ్‌స్పీకర్ పాటల్లో ఎవరికీ వినపడలేదు. అది చదివి ఒక ఇంజనీరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2005 జూలైలో తీర్పు వచ్చింది: రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వద్దు.

చట్టం ఊరికే రాదు. పక్కవాడి మాట వినపడనంతగా మన సౌండ్ పెరిగినప్పుడు వస్తుంది. వచ్చాక అది అందరికీ ఒకటే. హద్దు మీరినవాడితో పాటు, పద్ధతిగా భజన చేసుకునేవాడు కూడా ఆపాల్సిందే.

అయినా గడియారం చూసే చట్టానికి అందనిది ఒకటుంది. మన టార్నీట్‌లో ఇంటికీ ఇంటికీ మధ్య ఒక ఫెన్సే. అవతల పగలు పడుకున్నవాడు రాత్రంతా ట్రక్కు నడిపి వచ్చినవాడు కావచ్చు, ఆ అక్క నైట్ షిఫ్ట్ నర్సు కావచ్చు. మధ్యాహ్నం రెండింటికి వాళ్ల నిద్రను కాపాడాల్సింది మనమే.

ఫంక్షన్ ఉంటే ముందురోజే పక్కిళ్లలో చెప్పి, ఫోన్ నంబర్ ఇద్దాం. స్పీకర్ ఫెన్స్ వైపు పెట్టొద్దు. ఎవరైనా వచ్చి అడిగితే ముందు సౌండ్ తగ్గిద్దాం, తర్వాత మాట్లాడుకుందాం. గుమ్మం దగ్గర తేలే మాటను కౌన్సిల్ దాకా, పోలీసుల దాకా పోనివ్వొద్దు.