పాత ట్రాక్టర్ మీద మమకారం సరే, పానా ఎవరి చేతిలో ఉంది?

(రైతు సంఘం మండల సభలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కరెంటు, పంటల బీమా మన సభల్లో ఎప్పుడూ ఉండే అంశాలే. ఈసారి వాటి పక్కన పాత ట్రాక్టర్లు, పాత సేద్యం అనే అంశం కూడా పెట్టుకున్నాం. ఇది రచ్చబండ కాడ చెప్పుకునే కబురు కదా, సభలో ఎందుకు అని కొందరికి అనిపించవచ్చు. ఆ కబురు వెనక మన జేబుకు, మన పొలానికి సంబంధించిన లెక్క ఒకటి ఉంది. ఆ లెక్క చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఏరువాక పున్నమి వస్తే మనం ఇప్పటికీ నాగలికి పసుపు కుంకుమ పెడుతున్నాం. ఒంగోలు గిత్తల బండలాగుడు పందెం అంటే ఊళ్ళకు ఊళ్ళు కదిలి వెళ్తున్నాయి. పాత హెచ్‌ఎంటీయో, పాత మాస్సీయో స్టార్ట్ చేస్తున్న వీడియో ఫోన్లో కనిపిస్తే పని ఆపి మరీ చూస్తున్నాం. నలభై ఏళ్ళనాటి బండిని అమ్మమంటే "అది మా నాయన కొన్నది" అని కదలనివ్వని వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఈ మమకారాన్ని చూసి నవ్వాల్సిన పని లేదు. అయితే మనం నిజంగా పోగొట్టుకున్నది ఏమిటి, పోయినా బెంగ లేనిది ఏమిటి అన్నది తేల్చుకోవాలి.

ముందు పోయినా బెంగ లేనిది చెప్పుకుందాం. పాత సేద్యం అంతా బంగారం కాదు. మోట తోలే మనిషి తెల్లవారక ముందే బావి మీదికి ఎక్కేవాడు. ఎద్దులతో పాటు అతనూ ముందుకీ వెనక్కీ నడిచేవాడు. రోజంతా తోలితే తడిసేది చిన్న చెక్కే. అరక దున్నిన వాళ్ళ అరికాళ్ళు, నాట్లు వేసిన ఆడవాళ్ళ నడుములు ఆ రోజుల సంగతి ఇప్పటికీ చెబుతాయి. అన్నిటికీ మించి, ఆ అరక వెనక నడిచిన వాడు చాలా చోట్ల ఆ పొలం యజమాని కాడు. పాలేరు, జీతగాడు, అప్పు కింద కుదిరిన పిల్లవాడు. వెట్టి చాకిరీని రద్దు చేస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది 1976 లోనే. అందుకని పాత రోజులు మళ్ళీ రావాలని మన సంఘం ఎన్నడూ కోరదు. కూలి మనిషి వీపు మీద భారం దించిన యంత్రం ఏదైనా మనకు శత్రువు కాదు.

మరి పోగొట్టుకున్నది ఏమిటి? పనిముట్టు మీద మన పెత్తనం.

అరక కాలాన్నే తీసుకోండి. నాగలి చెక్కేది ఊరి వడ్రంగి. కర్రు సాగగొట్టేది ఊరి కమ్మరి. కాడి, మేడి, గొర్రు, గుంటక, దంతె అన్నీ పది ఇళ్ళ అవతల తయారయ్యేవి, అక్కడే బాగయ్యేవి. ఎద్దుకు కావలసిన మేత మన చేలోనే పండేది, ఎద్దు వేసిన పేడ మళ్ళీ ఆ చేనికే చేరేది. పని సాగడానికి ఊరు దాటి డబ్బు పోవాల్సిన అవసరం తక్కువ. ఇప్పుడు ఆ ఎద్దు కొట్టంలో లేదు. దేశంలో 2012 పశుగణనతో పోలిస్తే 2019 నాటికి ఆవు జాతి మగ పశువులు దాదాపు 30 శాతం తగ్గిపోయాయి. కోత మిషను వచ్చాక చేతికి అందే వరిగడ్డీ తగ్గింది. అందువల్ల ఎద్దులకు తిరిగి వెళ్ళిపోదాం అనడం అందరికీ కుదిరే మాట కాదు.

తర్వాత ట్రాక్టర్ వచ్చింది. మన దేశంలో ట్రాక్టర్ తయారీ మొదలైంది 1959 లో, ఫరీదాబాద్‌లో, ఐషర్ కంపెనీతో. చెకోస్లవేకియా వారి జెటార్ నమూనాతో ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎంటీ 1971 లో పింజోర్‌లో 25 హెచ్‌పీ బండి తయారు చేసింది. దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థలో మన ఇంజనీర్లు సొంతంగా గీసిన డిజైన్‌తో 1974 లో స్వరాజ్ 724 బయటికి వచ్చింది. దాన్ని తయారు చేసింది పంజాబ్ ప్రభుత్వ సంస్థ పూనికతో పుట్టిన కంపెనీ. ఇది గుర్తు పెట్టుకోవాలి. ప్రజల డబ్బుతో నడిచిన పరిశోధన, ప్రజల డబ్బుతో నడిచిన ఫ్యాక్టరీ మన చేతికి ట్రాక్టర్ ఇచ్చాయి. ఆ పంజాబ్ కంపెనీ తర్వాత ప్రైవేటు చేతికి వెళ్ళింది. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 లో ఆమోదం తెలిపింది.

ఆ బండ్లు ఎందుకు నలభై, యాభై ఏళ్ళు నడిచాయి? అవి మొండివి కాబట్టి అంటాం. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, వాటిని మనం విప్పగలిగాం, మళ్ళీ బిగించగలిగాం. సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తే గాలి అందడం లేదనో, డీజిల్ ఎక్కువ పోతోందనో ముందు ఎయిర్ క్లీనర్ విప్పేవాళ్ళం. నీలం పొగ వస్తే ఇంజనాయిలు కాలుతోంది, రింగులు అరిగాయి అనుకునేవాళ్ళం. ట్యాంకు ఖాళీ అయి బండి ఆగిపోతే ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి, చేత్తో పంపు కొట్టి, బుడగలు పోయేదాకా ఎయిర్ తీసేవాళ్ళం. ఇంజన్ ముక్కుతూ ఆడుతుంటే ఒక్కొక్క నాజిల్ పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ పని చేయడం లేదో శబ్దాన్ని బట్టి పట్టుకునేవాళ్ళం. ఇవి ఏ కాలేజీలో నేర్చినవీ కాదు. నాలుగు పానాలు, ఒక స్క్రూడ్రైవర్, పక్కన ఒక అనుభవం ఉన్న మనిషి ఉంటే చాలు. మన చేతిలో కానిది మండల కేంద్రం మెకానిక్ చేసేవాడు. ఆయనకూ కానిది విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ షాపులో రీబోరింగ్ అయ్యేది. దమ్ము మధ్యలో బండి ఆగినా మర్నాటికి మళ్ళీ మడిలో ఉండేది.

సేద్యంలో అన్నిటికన్నా ఖరీదైనది అదును. పదును ఆరిపోతే విత్తనం వేయలేం. కాలువ నీళ్ళు వదిలిన వారంలో దమ్ము కాకపోతే నారు ముదిరిపోతుంది. బండి వారం రోజులు షోరూం ముందు నిలబడితే ఆ నష్టం బిల్లులో కనిపించదు, గాదెలో కనిపిస్తుంది.

ఇప్పుడు పరిస్థితి ఎటు పోతోందో చూడండి. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటికి తగ్గట్టు కంపెనీలు కామన్ రైల్ ఇంజన్లు, సెన్సార్లు, ఇంజన్‌ను నడిపే చిన్న కంప్యూటర్ పెడుతున్నాయి. పొగ తగ్గడం మంచిదే. ఆ పొగ పీల్చేది ముందు మన డ్రైవర్లే కాబట్టి దాన్ని మనం వ్యతిరేకించం. చిక్కు వేరే చోట ఉంది. ఆ ఇంజన్‌లో తప్పు ఎక్కడుందో తెలియాలంటే కంప్యూటర్ పెట్టి కోడ్ చదవాలి. ఆ కోడ్ చదివే పరికరం, దాని అర్థం చెప్పే పుస్తకం కంపెనీ మనుషుల దగ్గరే ఉంటే, ఊరి మెకానిక్ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. పాత బండిలో వదులు చేసినట్టు ఆ పైపులు వదులు చేయడం కూడా ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ డీజిల్ లైన్లలో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. అందుకే మెకానిక్‌కు శిక్షణ ఇవ్వండి అంటున్నాం, తాళం వేయకండి అంటున్నాం.

ఇది మన ఒక్కరి బాధ కాదు. అమెరికాలో రైతులు ఈ దెబ్బ మనకంటే ముందే తిన్నారు. వేల ఎకరాల రైతులు సైతం సాఫ్ట్‌వేర్ తాళం విప్పడానికి డీలర్ కోసం ఎదురు చూడాల్సి వచ్చింది. అక్కడి వేలం పాటల్లో 1970, 80 నాటి ట్రాక్టర్లకు గిరాకీ పెరగడానికి ఒక కారణం అదే. కొన్నవాళ్ళకు కావలసింది జ్ఞాపకం కాదు, సొంతంగా బాగు చేసుకోగల బండి. రైతులు పోరాడితే 2023 లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. మరమ్మతులను తన డీలర్ల గుప్పిట్లో పెట్టుకుందంటూ జాన్ డీర్ కంపెనీ మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో కేసు వేసింది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. మొదట ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెరిచారు. పోర్టల్ అంటే కంపెనీలు తమంతట తాము సమాచారం పెట్టే చోటు. చట్టం అంటే పెట్టకపోతే అడిగే అధికారం. మనకు కావలసింది రెండోది. మన ఊళ్ళలో తిరిగే బండ్లలో ఎక్కువ భాగం 50 హెచ్‌పీ లోపువే, ఆ తాళం ఇంకా వాటిదాకా పూర్తిగా రాలేదు. వచ్చాక ఏడవడం కన్నా రాకముందు అడగడం మేలు.

ఇక మన వైపు లెక్క కూడా సూటిగా చూసుకుందాం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో 1 హెక్టారు. అంటే రెండున్నర ఎకరాల లోపు. అయిదెకరాల రైతునే తీసుకుందాం. దుక్కి, దమ్ము, రవాణా కలిపి ఎకరానికి పంటకు అయిదు గంటలు అనుకుంటే రెండు పంటలకు 50 గంటలు. ట్రాక్టర్ గిట్టాలంటే ఏడాదికి 1000 గంటల పని ఉండాలని ఇంజనీర్లు లెక్క వేస్తారు. మరి 50 గంటల పని కోసం పొలం తాకట్టు పెట్టి బండి కొంటే మనం దున్నేది నేలను కాదు, వడ్డీని. అందరికీ అదును ఒకేసారి వస్తుంది కాబట్టి ఇరవై మందికి ఒక బండి చాలదు. ఎనిమిది, పదిమంది కలిస్తే మాత్రం బండి ఖాళీగా ఉండదు, ఎవరి పనీ ఆగదు.

పాత సేద్యంలో నిజంగా దాచుకోవలసింది ఇక్కడ ఉంది. ఒంటెద్దు ఉన్నవాడు ఇంకో ఒంటెద్దు ఉన్నవాడితో కలిసి అరక కట్టేవాడు. ఇవాళ మా చేను, రేపు మీ చేను. కొన్ని చోట్ల దాన్ని బదలు అన్నారు, రాయలసీమలో ముయ్యి అన్నారు. ఆ పద్ధతినే యంత్రానికి తేవాలి. ఊరి సహకార సంఘం పేరుతోనో, పదిమంది రైతుల బృందంగానో యంత్రాలు పెట్టుకోవాలి. వరస ఎవరిదో పుస్తకంలో రాసి గోడకు అంటించాలి. కౌలు రైతుకూ, మహిళా రైతుకూ అందులో సమాన వంతు ఉండాలి.

ఇంకో మాట. పాత బండి మీద ప్రేమ ఉన్నవాళ్ళు ముందు దాని బ్రేకులు చూడండి. ట్రక్కు వెనక ఎర్ర లైటు, రిఫ్లెక్టర్ పెట్టండి. పీటీవో షాఫ్టుకు మూత లేకుండా నడపకండి, చీర కొంగు, తువ్వాలు లాగేస్తే మనిషి మిగలడు. కూలికి వెళ్ళే ఆడవాళ్ళను ట్రక్కులో ఎక్కించి కాలువ గట్టు మీద తోలడం ఆపాలి. ఎన్ని ఊళ్ళు ఒక్క రోజులో ఎంతమందిని పోగొట్టుకున్నాయో మనకు తెలుసు.

ఈ సభ ముందు మేము పెడుతున్న కోరికలు ఇవి.

ఒకటి, వ్యవసాయ యంత్రాలకు మరమ్మతు హక్కు చట్టం కావాలి. కోడ్ చదివే పరికరం సరసమైన ధరకు ఏ మెకానిక్‌కైనా అమ్మాలి. మరమ్మతు పుస్తకం తెలుగులో ఇవ్వాలి.

రెండు, ఒక మోడల్ ఆపేసినా దాని విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయో అమ్మేటప్పుడే కాగితం మీద రాసి ఇవ్వాలి.

మూడు, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఐటీఐల్లో ట్రాక్టర్ మెకానిక్ కోర్సు ఉంది. మన మండలాల మెకానిక్‌లకు, యువతకు, ఆడపిల్లలతో సహా, కొత్త ఇంజన్ల మీద అక్కడ ఉచిత శిక్షణ ఇప్పించాలి.

నాలుగు, 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపు మన బిల్లులో కనపడాలి. బిల్లు అడిగి తీసుకోండి, తేడా ఉంటే సంఘానికి తెండి.

అయిదు, పాత ట్రాక్టర్‌ను తుక్కు చేయాల్సిందే అని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. వ్యవసాయ ట్రాక్టర్‌కు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత అయిదేళ్ళకోసారి పొడిగించుకోవచ్చు అని కేంద్ర రవాణా శాఖ 2023 లో స్పష్టం చేసింది. కాగితాలు సరిచేసుకునే పనిలో సంఘం తోడుంటుంది.

మిత్రులారా, కొట్టంలోని పాత బండికి దండ వేయడం తప్పు కాదు. దండతో ఆగిపోతే మాత్రం అది పటంగా మిగిలిపోతుంది. ఆ బండి మనకు నేర్పింది ఒక్కటే: రైతు విప్పలేని యంత్రం రైతుది కాదు. వచ్చే నెల సభ్యత్వం కోసం ఇంటింటికీ వెళ్ళేటప్పుడు ప్రతి ఊళ్ళో ఇద్దరు మెకానిక్‌లను కలవండి, వాళ్ళకు ఏ పరికరం అందడం లేదో, ఏ భాగం దొరకడం లేదో రాసుకురండి. ఆ జాబితాతోనే వినతిపత్రం తయారు చేద్దాం, కలెక్టరేట్‌కు కలిసి వెళ్దాం.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!