చిన్న వ్యాపారి – దేశాల ఒడంబడికలు
(మెండోర వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పెద్ద వక్తను కాను. వ్యాపారం లెక్కలు కొంచెం తెలిసినవాణ్ణి. కనుక ఆ సంగతే మాట్లాడుతాను.

మన మెండోర చుట్టుపక్కల పసుపు పండుతుంది. ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపట్టిన కొమ్ములు నిజామాబాదు యార్డుకు పోతాయి. మన ఇండ్లల్లోంచి గల్ఫుకు పోయినవాళ్ళూ తక్కువేం లేరు. సరుకు ఇక్కడున్నది, గిరాకీ అక్కడున్నది. నడుమ వ్యాపారం మాత్రం మన చేతిలో లేదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డప్పుడు, ఒక్కచోటి గిరాకీనే నమ్ముకుంటే ఏమవుతుందో ఈ జిల్లా చూసింది గదా!

2022 ఫిబ్రవరి 18న మన దేశం యుఏఈతో వాణిజ్య ఒడంబడిక చేసుకున్నది. మే 1 నుంచి అమలైంది. గల్ఫ్ దేశాల మామూలు దిగుమతి సుంకం 5 శాతం. ఈ ఒడంబడికతో మన ఎగుమతుల్లో విలువ రీత్యా సుమారు 90 శాతానికి మొదటిరోజు నుంచే సుంకం లేకుండా పోయింది. ఏ సరుకుకు ఎంత తగ్గిందో పట్టికలో సరిచూసుకోవాలె.

అందులో చిన్న, మధ్యతరహా సంస్థలకని ఒక అధ్యాయమే ఉన్నది. 2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన దానిలోనూ ఉన్నది. మనం 2019లో తప్పుకున్న ఆర్‌సెప్‌లో అది 14వ అధ్యాయం. వినడానికి బాగున్నది. కాని వాటిలో ఉన్నదేమిటి? సమాచారం అందరికీ అందుబాటులో పెట్టడం, రెండు ప్రభుత్వాలు పరస్పరం సహకరించుకోవడం. ఆర్‌సెప్‌లోనైతే ఆ అధ్యాయం అమలు కాలేదని వివాద పరిష్కారానికి పోయే వీలు కూడా లేదు. అంటే తలుపు తెరిచి పెట్టారు, నడవవలసింది మనమే.

నడవడానికి కాగితాలు కావాలె. ఎగుమతిదారు కోడ్ నంబరు, సుగంధ ద్రవ్యాల బోర్డు రిజిస్ట్రేషన్, సరుకు మన దేశానిదేనని చెప్పే పుట్టుక పత్రం. ఈ పత్రం లేకపోతే ఒడంబడిక ఉన్నా సుంకం కట్టవలసిందే. లక్ష రూపాయల సరుకుకు 5 శాతమంటే 5 వేలు. చిన్నవానికి అదే లాభం, అదే నష్టం.

ఇక్కడే అసలు చిక్కు. కంటెయినరు పంపే పెద్ద షావుకారుకూ పత్రం ఒకటే, పది బస్తాలు పంపేవానికీ పత్రం ఒకటే. తిరుగుడు, ఖర్చు ఇద్దరికీ ఒక్కతీరే. పెద్దాయనకు అది లెక్కలోకి రాదు. మనకు నడుం విరుగుతుంది. కనుక విడివిడిగా పోతే మనకు గిట్టదు. పదిమంది కలిసి ఒక్క పేరున రిజిస్టరు చేసుకుంటే ఆ ఖర్చు పదో వంతవుతుంది.

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది. దాని ప్రధాన కార్యాలయం నిజామాబాదులోనే ఉన్నది. ఢిల్లీ దాకా పోనక్కరలేదు, బస్సెక్కితే చాలు. మన సంఘానికి నా మనవి ఒకటే. కంప్యూటర్ తెలిసిన పిల్లలిద్దరిని వారానికొక రోజు ఇక్కడ కూర్చోబెట్టండి. వచ్చినవాళ్ళకు ఈ ఫారాలు నింపిపెట్టనీయండి. హిందువు వచ్చినా, ముస్లిం వచ్చినా పసుపు రంగు ఒకటే గదా.

సాయం చేసే చేయి మంచిదే. సంపాదించుకునే తోవ చూపడం అంతకన్నా మంచిది.